వసంతకాలమున బాస్ చేపల వేట

ప్రతి పనికిని ఒక అదను కలదు. రైతు కార్తెల నెఱిగి విత్తును. నావికుడు ఆటుపోట్ల నెఱిగి నావ విడుచును. గాలము వేసి చేపలు పట్టువానికిని ఇట్టి కాలజ్ఞానము అవసరమే. నేలమీది పైరు కంటికి కనబడును. నీటి లోపల జరుగునది కనబడదు. కావున అతడు గాలిని, ఎండను, నీటి వెచ్చదనమును చూచి లోపలి సంగతి ఊహింపవలెను. అయితే అదను తెలిసికొనుటలో రెండు ప్రయోజనములు కలవు. ఎప్పుడు పని చేయవలెనో అది తెలుపును. ఎప్పుడు చేయి వెనుకకు తీసికొనవలెనో కూడ తెలుపును. మొదటి ప్రయోజనమును అందఱును కోరుదురు. రెండవదానిని మఱచువారే పెక్కుమంది. ఉత్తర అమెరికాలో వసంత ఋతువున జరుగు బాస్ చేపల వేటను పరిశీలించినచో ఈ రెండింటికిని గల సంబంధము చక్కగా బోధపడును.

బాస్ మంచినీటి చేప. ఆ పేరు గల చేపలు సముద్రములలో కూడ కలవు గాని, అమెరికా సరస్సులలోను నదులలోను పెరుగు ఈ చేప వేఱు కుటుంబమునకు చెందినది. సన్‌ఫిష్ అను చిన్న చేపలు దీనికి దగ్గఱి చుట్టములు. వీనిలో పెద్దనోటి బాస్, చిన్ననోటి బాస్ అని రెండు ముఖ్యమైన రకములు కలవు. పెద్దనోటి చేపకు పై దవడ కంటిని దాటి వెనుకకు సాగియుండును. దాని వీపు ఆకుపచ్చగా నుండును. ప్రక్కల వెంట నల్లని చార యొకటి తల నుండి తోక వఱకు పోవును. అది కలుపు మొక్కల చాటునను, నీట మునిగిన మ్రోళ్ల చాటునను పొంచియుండి, దగ్గఱకు వచ్చిన చిన్న చేపలను, కప్పలను, రొయ్యజాతికి చెందిన క్రేఫిష్‌లను ఒక్క పెట్టున మ్రింగును. గాలమునకు తగిలినప్పుడు నీటిపైకి ఎగిరి, తల విదిలించి, గాలమును ఊడదన్నుటకు ప్రయత్నించును.

ఈ పౌరుషము చేతనే అది వేటగాండ్రకు ప్రియమైనది. జేమ్స్ హెన్షాల్ అను వైద్యుడు 1881లో ఈ చేపను గూర్చియే ఒక పెద్ద గ్రంథము వ్రాసి ప్రకటించెను. సాధారణముగా దొరకు చేప రెండు మూడు పౌనుల బరువుండును. 1932లో జార్జియా రాష్ట్రమున జార్జి పెఱ్ఱీ అనునతడు పట్టిన పెద్దనోటి బాస్ 22 పౌనుల 4 ఔన్సులు తూగెను. అనగా అది పది కిలోగ్రాములకు పైమాట. డెబ్బది యేడేండ్ల వఱకు దానికి సాటి వచ్చిన చేప లేదు.

వసంతకాలమున బాస్ వేటకు పోదలచినవాడు ముందుగా వేసికొనవలసిన ప్రశ్న 'ఎప్పుడు' అనునది. పంచాంగములో వసంతము ఒక నియమితమైన దినమున ప్రవేశించును. నీటిలో అట్లు కాదు. దక్షిణమున ఫ్లోరిడా రాష్ట్రములో జనవరి, ఫిబ్రవరి నెలలలోనే బాస్ గ్రుడ్లు పెట్టుట మొదలిడును. కెంటకీ రాష్ట్రములో ఏప్రిల్ మే నెలలు అందుకు అనువైన కాలము. ఇంకను ఉత్తరమునకు పోయి కెనడా దేశపు ఒంటారియో చేరినచో మే, జూన్ నెలలు రావలెను. వసంతము దక్షిణము నుండి ఉత్తరమునకు మెల్లగా నడచిపోవు బాటసారి వంటిది. దాని అడుగుజాడను చూపునది నీటి ఉష్ణత. కావున అనుభవశాలియైన వేటగాడు గోడమీది కాలెండరు కంటె చేతిలోని ఉష్ణమాపకమునే ఎక్కువగా నమ్మును.

ఉదాహరణమునకు కెంటకీ సరస్సును తీసికొందము. ఇది ప్రకృతి సృష్టించిన సరస్సు కాదు. 1933లో ఏర్పడిన టెన్నెసీ లోయ అభివృద్ధి సంస్థ టెన్నెసీ నదికి అడ్డముగా ఒక పెద్ద ఆనకట్టను కట్టి 1944లో పూర్తి చేసెను. దాని వెనుక నిలిచిన నీరే ఈ జలాశయము. దీని పొడవు 184 మైళ్లు. విస్తీర్ణము ఒక లక్షా అఱువది వేల యెకరములు. మన నాగార్జున సాగర జలాశయమునకు ఇది రెండింతలకు మించినది. కెంటకీ, టెన్నెసీ రాష్ట్రములు రెండింటిలోను ఇది వ్యాపించియున్నది. ఇంత నీటిలో చేపను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుట వంటిదే. కాని వసంతమున చేప ఏ కారణముచేత ఎచ్చటికి పోవునో తెలిసినవానికి ఆ వెదకులాట చాలవఱకు తగ్గును.

శీతకాలములో బాస్ లోతైన నీటిలో నుండును. చేప రక్తమునకు తనదైన వేడి లేదు. చుట్టునున్న నీటి వేడియే దాని ఒంటి వేడి. నీరు చల్లబడినప్పుడు దాని జీర్ణశక్తి మందగించును, కదలిక తగ్గును, ఆకలియు తగ్గును. దినములు పొడవై, నీరు 50 ఫారన్‌హీట్ డిగ్రీలను, అనగా 10 సెంటిగ్రేడు డిగ్రీలను దాటగానే దానిలో చైతన్యము కలుగును. అప్పుడది లోతును విడిచి, మునిగిన వాగుల గట్ల వెంట మెల్లమెల్లగా ఒడ్డు వైపునకు ప్రయాణము సాగించును. గ్రుడ్లు పెట్టుటకు తగిన మెఱక నీటికి పోవుటకు ముందు, ఆ మెఱకకు ప్రవేశద్వారముల వంటి చోట్ల కొంతకాలము ఆగును. నీటిలోనికి చొచ్చిన కోనలు, వాగులు కలియు మూలలు, మెఱక తటాలున లోతుగా మాఱు అంచులు ఇట్టి చోట్లు. అక్కడ అది విస్తారముగా మేయును. ఆడుచేప గ్రుడ్లకు పుష్టి చేకూర్చుకొనును. మగచేప రాబోవు ఉపవాసమునకు సిద్ధపడును. నీరు 50 నుండి 60 డిగ్రీల వఱకు ఉండు ఈ కాలమే వసంతపు వేటకు ఉత్తమమైన అదను. చేపలు బలిసియుండును, ఆకలిగొని యుండును, ఒకే చోట గుమిగూడి యుండును, గూటి బాధ్యత ఇంకను వాని తలపై పడలేదు.

కెంటకీ ప్రాంతపు వేటగాండ్రు ఈ కాలమును గుర్తించుటకు ఉష్ణమాపకముతో పాటు చెట్లను కూడ చూతురు. ఏప్రిల్ నెలలో డాగ్‌వుడ్ అను చెట్టు తెల్లని పూవులతో నిండగానే చేపలు మెఱకకు వచ్చినవని పెద్దలు చెప్పుదురు. ఇది మూఢవిశ్వాసము కాదు. చెట్టును పూయించు వెచ్చదనమే నీటిని వేడి చేయుచున్నది. ఒకే కారణమునకు ఇవి రెండు ఫలితములు. మామిడి పూత చూచి చలి వెనుకబట్టినదని మన పల్లెవాసులు గ్రహించుట వంటిదే ఇది.

రెండవ ప్రశ్న 'ఎక్కడ' అనునది. సరస్సు అంతయు ఒకేసారి వేడెక్కదు. భూగోళపు ఉత్తరార్ధములో సూర్యుడు ఆకాశమున దక్షిణము వైపు వంగి నడచును. కావున సరస్సు ఉత్తరపు ఒడ్డు దక్షిణమునకు ముఖము చేసికొని దినమంతయు ఎండ కాచుకొనును. చల్లని ఉత్తరపు గాలిని ఆ ఒడ్డే అడ్డగించును. దక్షిణపు గాలి వీచినప్పుడు పైనున్న వెచ్చని నీరు ఆ వైపునకే కొట్టుకొని వచ్చును. ఈ మూడు కారణములచేత వాయవ్యమునను ఉత్తరమునను ఉన్న వంపులలో నీరు ముందుగా వెచ్చబడును. దక్షిణపు ఒడ్డున కొన్ని దినములు ఆలస్యమగును. అట్లే మెఱక లోతు కంటె త్వరగా వేడెక్కును. కావున యాత్రకు పోవువాడు ఇంటి వద్దనే సరస్సు లోతులను సూచించు పటమును ముందిడుకొని, గాలి సోకని ఉత్తరపు వంపులను, గట్టి గులకనేల గల మెఱకలను, వాని ముందున్న లోతు అంచులను గుర్తు పెట్టుకొనును. బయలుదేరుటకు వారము దినముల ముందు నుండి ఆ ప్రాంతపు ఎండవానలను గమనించును. నాలుగు దినములు వరుసగా వెచ్చగా నున్నచో నీరు వేడెక్కును. అకస్మాత్తుగా చలిగాలి వీచినచో మెఱకకు వచ్చిన చేపలు మఱల లోతునకు పోవును.

నీరు 60 నుండి 65 డిగ్రీలకు చేరగానే రెండవ దశ ప్రారంభమగును. ఇప్పుడు మగచేప ముందుగా మెఱకకు వచ్చును. రెండు మొదలు ఆఱు అడుగుల లోతులో, మ్రోడు ప్రక్కనో, రాతి చాటుననో, గులకరాళ్లు గల నేలను ఎన్నుకొనును. తోకతో ఒండ్రును ఊడ్చివేసి పళ్లెము వంటి గుండ్రని గుంట చేయును. ఇదియే గూడు. గూడు సిద్ధమైన పిదప ఆడుచేప వచ్చి వేలకొలది గ్రుడ్లు పెట్టి తన దారిని తాను పోవును. జిగురు గల ఆ గ్రుడ్లు గులకరాళ్లకును వేళ్లకును అంటుకొనును. ఇక వాని భారమంతయు తండ్రిదే.

ఆ తండ్రి చేయు సేవ చూడదగినది. అతడు గూటిపై నిలిచి రెక్కలతోను తోకతోను ఎడతెగక విసరుచుండును. అందుచేత గ్రుడ్లపై ఒండ్రు పేరుకొనదు. వానికి ప్రాణవాయువు గల క్రొత్త నీరు అందుచుండును. మూడు నాలుగు దినములలో గ్రుడ్లు పగులును. నీరు చల్లగా నున్నచో ఇంకను కొన్ని దినములు పట్టును. పుట్టిన పిల్లలు తమతో తెచ్చుకొన్న పచ్చసొనను ఆహారముగా గొని గూటి అడుగుననే కొంతకాలముండును. పిమ్మట మబ్బు తునక వలె గుంపుగా పైకి లేచును. అప్పుడును తండ్రి వానిని విడువడు. అవి అంగుళమంత పెరిగి తమంత తాము బ్రదుకగల వఱకు వెంట తిరుగుచు కాపాడును. ఇట్లు కొన్ని వారములు గడచును. ఈ కాలమంతయు అతనికి తిండి చాల తక్కువ. మేతకు పోయినచో గూడు కాచువాడు ఎవడు? శత్రువులు చుట్టునే కలరు. బ్లూగిల్ అను సన్‌ఫిష్‌లు గుంపులుగా గూటి చుట్టును పొంచియుండును. క్రేఫిష్‌లు నేలవెంట ప్రాకి వచ్చును. కాపలా తొలగిన కొద్ది నిమిషములలోనే అవి గూటిపై పడి గ్రుడ్లను తిని వేయగలవు.

ఈ దశలో మెఱక నీటిలో గూడు తెల్లని మచ్చవలె స్పష్టముగా కనబడును. కాంతిని అణచెడు పోలరాయిడ్ కండ్లద్దములు పెట్టుకొన్నచో చేప కూడ కనబడును. దానిని పట్టుట కడు సులభము. ఎఱను గూటిలో వేసినచో చాలును. చేప దానిని నోట కఱచి తీరును. అయితే అది ఆకలిచేత కాదు. తన పిల్లలకు అపాయము వచ్చినదని తలచి శత్రువును గూటి నుండి తొలగించుటకే అది నోరు తెఱచును. మంచి తండ్రి ఎంత తెగించి కాపాడునో అంత త్వరగా గాలమునకు దొరకును. పిఱికివాడై గూడు విడిచి పాఱిపోవు చేప గాలమునకు చిక్కదు. ఆలోచించినచో ఇది ఎంతయు విచారింపదగిన విషయము. మామూలు వేటలో వేటగాని నేర్పు చేప తెలివిని గెలుచును. గూటిపై జరుగు వేటలో చేప ప్రేమయే దానికి ఉరి యగుచున్నది.

పట్టిన చేపను మఱల విడిచిపెట్టినచో దోషము లేదని కొందఱు వాదింతురు. శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. 1997లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, గూడు కాచుచున్న మగచేపలను గాలముతో పట్టి, కొంతసేపటి తరువాత విడిచి, పిదప ఏమి జరుగునో నీటిలో మునిగి గమనించిరి. తండ్రి లేని సమయములో శత్రువులు గూటిలో ప్రవేశించినవి. తిరిగి వచ్చిన తండ్రి, గ్రుడ్లు చాలవఱకు నశించియుండుట చేతనో, తాను మిక్కిలి అలసియుండుట చేతనో, అనేక పర్యాయములు గూటిని విడిచి పోయెను. ఎంత ఎక్కువసేపు చేప గూటికి దూరమైనదో అంత ఎక్కువ నష్టము కలిగెను. పోటీలలో పట్టిన చేపలను పడవలోని తొట్టెలలో ఉంచి, తూచుటకై దూరముగా తీసికొనిపోయి, అక్కడనే విడుచుట కలదు. అట్టి చేప బ్రదికినను దాని సంతానము బ్రదుకుట దుర్లభము.

ఇల్లినాయి రాష్ట్రములో రిడ్జి సరస్సు అను చిన్న జలాశయము కలదు. అక్కడ శాస్త్రజ్ఞులు చాల సంవత్సరములు మఱియొక వింత పరీక్ష జరిపిరి. ఏయే చేప ఎన్నిసార్లు గాలమునకు చిక్కెనో గుర్తు వేసి, మాటిమాటికి చిక్కెడు చేపలను ఒక వంశముగను, ఎన్నడును చిక్కని చేపలను మఱియొక వంశముగను వేఱువేఱుగా పెంచిరి. మూడు తరములు గడచుసరికి ఈ గుణము తండ్రితల్లుల నుండి పిల్లలకు సంక్రమించునని 2009లో ప్రకటించిరి. ఆ వంశములను పరిశీలించిన పిమ్మట, గాలమునకు సులభముగా చిక్కు జాతి మగచేపలే గూటిని ఎక్కువ శ్రద్ధతో కాపాడునని కూడ తేలెను. అనగా ఏటేట గూటి చేపలను పట్టుకొనిపోయినచో సరస్సులో మంచి తండ్రుల సంఖ్య తగ్గిపోవును. నష్టము ఒక సంవత్సరముతో తీరునది కాదు.

అయినను అన్ని ప్రదేశములలోను ఒకే చట్టము లేదు. కెంటకీలో బాస్ వేటకు సంవత్సరమంతయు అనుమతి కలదు. దక్షిణపు ఒంటారియోలోని అనేక జలములలో జూన్ నెల నడిమి వఱకు ఆ వేటను నిషేధింతురు. ఈ భేదమునకు కారణము కలదు. దక్షిణపు సరస్సులలో వెచ్చని కాలము దీర్ఘమైనది. ఒక గూడు చెడినను మఱియొక గూడు కట్టుటకును, ఆలస్యముగా పుట్టిన పిల్లలు పెరుగుటకును వ్యవధి యుండును. అట్టి పెద్ద సరస్సులలో కొన్ని గూళ్లు చెడినంత మాత్రమున చేపల సంఖ్య తగ్గదని పలువురు చేపల శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఉత్తరమున వేసవి స్వల్పము. శీతకాలము వచ్చులోపల తగినంత పెరగని పిల్ల ఆ చలికి తట్టుకొనలేదు. కావున అక్కడ ముందుగా కట్టిన ప్రతి గూడును విలువైనదే. యాత్రకు పోవువాడు తాను పోవు చోటి నియమములను ముందుగా చదివి, అనుమతి పత్రమును పొందవలెను. చట్టము అనుమతించిన చోట కూడ తన వివేకమును ఇంట విడిచి పోరాదు.

మూడవ ప్రశ్న 'ఎట్లు' అనునది. ముఖ్యమైన సామగ్రి కొద్దిపాటిదే. వంగినను విఱుగని గాలపు కఱ్ఱ, దారము చుట్టు రీలు, చిన్న చేపల వలెను క్రేఫిష్‌ల వలెను కఱ్ఱతోను రబ్బరుతోను చేసిన కొన్ని కృత్రిమపు ఎఱలు, ఉష్ణమాపకము, పటము ఉండవలెను. నీరు చల్లగా నున్నప్పుడు ఎఱను మెల్లగా లాగవలెను, ఏలయన చేపయు మెల్లగానే కదలును. నీరు వెచ్చబడినకొలది వేగము పెంచవచ్చును. పడవలో ఎక్కినవాడు తేలుడు చొక్కాను తప్పక ధరింపవలెను. వసంతపు నీరు చూపునకు ప్రశాంతముగా నున్నను మిక్కిలి చల్లనిది. దానిలో పడినవాడు ఎంతటి ఈతగాడైనను త్వరలో కొయ్యబాఱును. ఉఱుము వినబడగానే ఒడ్డు చేరవలెను.

గాలపు మొనకు వెనుక నుండు చిన్న ముల్లును నొక్కివేసినచో గాలము సులభముగా ఊడివచ్చును. చేపకు గాయము తక్కువగును. చేపను తాకుటకు ముందు చేతులు తడుపుకొనవలెను. పొడి చేయి తగిలినచో దాని ఒంటిమీది జిగురుపొర పోవును. ఆ పొరయే దానిని వ్యాధుల నుండి కాపాడు కవచము. పెద్ద చేపను దవడ పట్టుకొని వ్రేలాడదీయక రెండవ చేతితో పొట్టను ఆదుకొనవలెను. వీలైనంత త్వరగా, పట్టిన చోటనే విడువవలెను. చేపలను పట్టి విడుచు పద్ధతిని 1972లో రే స్కాట్ అనునతడు తాను నడుపు బాస్ పోటీలలో ప్రవేశపెట్టెను. క్రమముగా అది దేశమంతట వ్యాపించెను. ఒకనాడు త్రాటికి గ్రుచ్చిన చేపల సంఖ్యయే వేటగాని గొప్పతనమునకు కొలతగా నుండెను. నేడు విడిచిన చేపను గూర్చి చెప్పుకొనుటకు సిగ్గుపడువారు అరుదు.

ఇట్టి యాత్రకు సిద్ధపడువాని ప్రణాళిక తుదకు ఈ విధముగా నుండును. గూళ్లు ఏర్పడుటకు ముందటి రెండు మూడు వారములను అతడు వేటకు ఎన్నుకొనును. మెఱకలోనికి పోక దాని వెలుపలి లోతు అంచులలో గాలము వేయును. నీరు 60 డిగ్రీలు దాటి, తెల్లని గూళ్లు కనబడుట మొదలైనప్పుడు గాలమును చుట్టిపెట్టును, లేక గూళ్లకు దూరముగా వేఱు చేపలను వెదకును. పడవ అలలు గూళ్లపై ఒండ్రును లేపకుండునట్లు మెఱకలో మెల్లగా పోవును. మూడవ దశలో, అనగా పిల్లలు విడిపోయి తండ్రులు అలసి, ఆకలిగొని లోతునకు మఱలు కాలమున, అతడు మఱల గాలమును చేతబట్టును. ఈ ప్రణాళికలో అతనికి దొరకు చేపలకు కొఱత లేదు. నడుమ కొన్ని వారములు చేయి బిగబట్టుటయే అతడు చెల్లించు మూల్యము.

ఒక్క విషయము మాత్రము మఱువరాదు. ఏ ప్రాణియైనను తన స్వస్థలముననే మన్ననకు అర్హము. 1925లో కొందఱు బాస్ చేపలను జపానులోని ఆషి సరస్సున విడిచిరి. క్రమముగా అవి ఆ దేశమంతట వ్యాపించి అక్కడి చిన్న చేపలను తినివేయ నారంభించినవి. పెఱ్ఱీ పట్టిన చేపకు సాటివచ్చు బాస్ 2009లో జపానులోని బివా సరస్సుననే దొరకెను. కాని ఆ సరస్సున్న షిగా ప్రాంతములో పట్టిన బాస్‌ను మఱల నీటిలో విడుచుట నిషిద్ధము. సంతానమును అంత శ్రద్ధగా పెంచు గుణమే పరాయి నీటిలో దానిని జయింపరాని శత్రువుగా చేసినది. కావున ఒక దేశపు చేపను మఱియొక దేశపు నీటిలో విడుచుటకు ఎవ్వరును సాహసింపరాదు.

పిల్లలను కాచుకొను చేప కొఱకు మనము అమెరికా వఱకు పోనక్కఱలేదు. మన చెఱువులలోని కొర్రమీను అట్టిదే. 2016లో తెలంగాణ రాష్ట్రము దీనిని తన రాష్ట్ర మత్స్యముగా ప్రకటించెను. తొలకరి వానలకు చెఱువు నిండగానే ఇది మెఱకలో గడ్డిని తొలగించి గూడు చేసికొనును. దాని గ్రుడ్లు నీటిపై తేలును. పుట్టిన పిల్లలు ఎఱ్ఱని గుంపుగా నీటి పైభాగమున తిరుగుచుండగా, పెద్దచేప క్రిందనుండి కాపలా కాయును. ఆ ఎఱ్ఱని గుంపును చూచి క్రింద పెద్దచేప కలదని గ్రహించి గాలము వేయుట మన పల్లెలలో క్రొత్త కాదు. ఆ ఒక్క చేప కూరకు వచ్చును. ఆ గుంపంతయు కప్పలకును పక్షులకును ఆహారమగును.

మన తూర్పు సముద్రతీరమున ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వఱకు మరపడవల వేటను నిలిపివేయుదురు. అఱువది యొక్క దినములు సముద్రమునకు విశ్రాంతి. దినకూలిపై బ్రదుకు జాలరికి ఆ రెండు నెలలు కష్టకాలమే. అయినను చేపలు పెరిగిననే రేపటి వలకు పని యుండునని అతడెఱుగును. జీవనమునకై చేపలు పట్టు బెస్తవాడే ఆ నియమమును పాటింపగా, వినోదమునకై గాలము వేయువానికి కొన్ని వారములు ఆగుట భారమా?

చెఱువు గట్టున గాలముతో కూర్చుండు బాలుడు నీటిపై ఎఱ్ఱని పిల్లల గుంపును చూచినప్పుడు అతనికి ఇద్దఱు దారి చూపుదురు. క్రింద పెద్ద చేప కలదు, గాలము వేయుమని ఆశ చెప్పును. క్రింద తండ్రి కలడు, గాలము తీయుమని జ్ఞానము చెప్పును. ఎవరి మాట వినవలెనో నిర్ణయించుకొనవలసినవాడు ఆ బాలుడే. అతని నిర్ణయమును బట్టియే మఱుసటి యేడు ఆ చెఱువులో చేపలుండుటయో, లేకుండుటయో తేలును.